గులాబీ రంగు రాని నీళ్ళు

మా అక్క ఇంట్లో కిటికీ గట్టు మీద అరచేతిలో పట్టేంత నీలం పెట్టె ఒకటి ఉంటుంది. అందులో రెండు గాజు గొట్టాలు, ఓ చుక్కల సీసా, కొన్ని మాత్రలు, మూలలు నలిగిపోయిన రంగుల కార్డు. బావ పోయి పదకొండు నెలలైంది. ఆయన చొక్కాలు ఇచ్చేశాం, చెప్పులు ఇచ్చేశాం. ఆ పెట్టెను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. దానితో రోజూ పని ఉంది.

బావ ముప్పై ఒక్క ఏళ్ళు అద్దకం మిల్లులో చేశాడు. గుడ్డకి రంగు సరిగ్గా పట్టిందో లేదో చూసి చెప్పడం ఆయన పని. నీడలో చూసిన రంగును నమ్మేవాడు కాదు. ఏదైనా సరే, గుమ్మం దాకా తీసుకెళ్ళి, తెల్ల రుమాలు మీద పెట్టి, ఒక కన్ను మూసి చూడాల్సిందే. నేను కొత్త బట్టలేసుకుని మురిసిపోతూ వస్తే, "బాగుంది మరదలా, చేతుల గుడ్డ ఒక లాటుది, వెన్ను గుడ్డ ఇంకో లాటుది, రంగు కలవలేదు" అనేవాడు. ఇక ఆ రోజంతా నేను గోడకి ఆనుకునే తిరిగేదాన్ని.

రిటైరయ్యాక ఆయన ఒక పాత ఇల్లు కొన్నాడు. పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉందనే కొన్నాడు. అప్పుడే అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు నిండగానే రోజూ నడుము లోతు నీళ్ళలో నడవాలని, ఆలస్యం చేస్తే కాలు బిగుసుకుపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్కకేమో చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే హడల్. బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద ఒప్పుకుంది.

"అడుగున గుండుసూది పడినా కనబడాలి. అప్పుడు దిగుతా."

ఆ రోజుకి పూల్ నీళ్ళలో ఏనుగు పడినా కనబడదు. "ముదురు చిలకపచ్చ. ఇంత చక్కటి షేడ్ మిల్లులో కూడా కుదరలేదు" అని బావ దాన్నీ మెచ్చుకున్నాడు.

పూల్ మందులమ్మే కొట్టతను ఆ నీలం పెట్టె ఇచ్చి, ఎలా చూడాలో చెప్పాడు. గొట్టంలో పూల్ నీళ్ళు పోసి మాత్ర చిదిమి వెయ్యాలి. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. కార్డులో రెండో గడి రంగు వస్తే సరిపోయినట్టు.

"రంగు చూడటమేగా! నాకా చెప్తున్నాడు!" అని బావ నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

మొదటి రోజు గొట్టంలో రంగు రాలేదు. క్లోరిన్ పోశాడు. రెండో రోజూ రాలేదు. ఇంకాస్త పోశాడు. మూడో రోజుకి పచ్చదనం పోయి నీళ్ళు అద్దంలా తేరాయి. గొట్టంలో మాత్రం గులాబీ ఊసే లేదు. మళ్ళీ పోశాడు.

"పోసిందంతా ఏమవుతోందే మరదలా? ఎవరైనా తాగుతున్నారా?"

"కొట్టతన్ని అడుగు బావా."

"రంగు గురించి నేను ఇంకొకణ్ణి అడగాలా? ఊరుకో!"

సోమవారంతో ఆరు వారాలు నిండాయి. పొద్దున్నే అక్క కర్ర పట్టుకుని వచ్చి, మాట ప్రకారం ఒక గుండుసూది నీళ్ళలో పడేసింది. అది అడుగున తళుక్కుమంది. అక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా మాట మాటే.

"పదండి, దిగుతాను" అంది.

బావ పొంగిపోయాడు. ముందురోజే ఆవిడ కోసం మెట్ల దగ్గర కమ్మీకి వేసి ఉంచిన ఎర్ర తువ్వాలు అందుకున్నాడు. దాని ఒక కొస జారి, రాత్రంతా నీళ్ళలో నానినట్టుంది. ఎర్ర తువ్వాలుకి జానెడు తెల్ల అంచు వచ్చింది. ఆయన అలవాటుగా గుమ్మం వైపు రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

"ఆగు! కాలు పెట్టకు!"

"ఆరు వారాలుగా దిగు దిగు అని నా ప్రాణం తీశారు. తీరా దిగుతుంటే ఇదేంటండీ?"

బావ గబగబా లోపలికెళ్ళి తాగే నీళ్ళు తెచ్చాడు. ఒక గ్లాసు పూల్ నీళ్ళు తొమ్మిది గ్లాసుల తాగే నీళ్ళలో కలిపి, ఆ కలిపిన నీళ్ళు గొట్టంలో పోసి మాత్ర వేశాడు. గుప్పున ముదురు గులాబీ రంగు వచ్చింది. ఆయన అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాడు.

"క్లోరిన్ లేక కాదే రంగు రానిది. మితిమీరి, వచ్చిన రంగును వచ్చినట్టే తినేస్తోంది. బ్లీచింగ్ తొట్టిలో రంగు వేసి, ఎక్కలేదేమని చూసేవాణ్ణి మిల్లులో నేను ఏమనేవాణ్ణో తెలుసా?"

"ఏమనేవాడివి?" అన్నాను.

"మీ అక్క ముందు అనలేను."

ఆ మధ్యాహ్నమే నీళ్ళు సీసాలో పట్టుకుని, నోరు మూసుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టతను పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్తుంటే బుద్ధిగా విన్నాట్ట. సగం నీళ్ళు తోడించి కొత్తవి నింపాడు, మిగతా క్లోరిన్‌ని ఎండకి ఎగిరిపోనిచ్చాడు. చుక్కల సీసాతో నీళ్ళ పులుపు, అంటే ఆమ్లం, ఎంతుందో చూసి, యాసిడ్ కొంచెం కొంచెంగా కలిపాడు. ఇటు అక్క కాలు మడవబోతే మూలిగేది. ఆ మూలుగు వినబడినప్పుడల్లా బావ లేచి వెళ్ళి గొట్టం చూసేవాడు.

శనివారం పొద్దున గుమ్మంలో రుమాలు పరిచి, ఒక కన్ను మూసి, "రెండో గడి! రావే!" అని కేకేశాడు.

"ముందు ఆ గుండుసూది తీయండి. కాల్లో దిగితే ఇంకో ఆపరేషను" అంది అక్క.

నీళ్ళు తోడించినా సూది మాత్రం అడుగునే మిగిలిపోయింది. ఆయనకీ ఈత రాదు. వల కర్ర పట్టుకుని పావుగంట వెతికి తీశాడు. తర్వాత ప్యాంటు జేబుల్లోవి కూడా తీయకుండానే దిగి, అక్క రెండు చేతులూ పట్టుకుని వెనక్కి నడిచాడు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన్ని తిట్టుకుంటూ ముందుకి నడిచింది. ఆ రోజు ఆరడుగులు.

ఇప్పుడు నలభై రౌండ్లు. రోజూ పొద్దున్నే దిగే ముందు అక్క నాకు ఫోన్ చేస్తుంది.

"రెండో గడే."

"గుమ్మంలో చూశావా?"

"చూశానే తల్లీ, రుమాలు మీదే."

"అయితే దిగు" అంటాను. నీళ్ళ చప్పుడు వినబడేదాకా ఫోన్ పెట్టను.