గేర్‌బాక్సు పుట్టిల్లు

నదీమూలం, ఋషిమూలం అడగకూడదన్నారు పెద్దలు. పాత గేర్‌బాక్సు మూలం సంగతి మాత్రం చెప్పకుండా వదిలేశారు. ఆ ఒక్క ముక్క వాళ్లు మరిచిపోయినందుకు మా ఇంట్లో నా పరువు ఎలా గంగలో కలిసిందో వినండి.

మాది బంగారుపాళ్యం. నాయనకు ఎడమ మోకాలు వంగదు, క్లచ్చు తొక్కలేడు. అందుకే గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ కారు ఒకటి పెట్టుకుని రోజూ మామిడితోటకు వెళ్లేవాడు. సరిగ్గా కాయ కోతకొచ్చిన రోజుల్లో దాని గేర్‌బాక్సు పోయింది. కారు లేకపోతే నాయనకు తోట లేదు, నాయన తోటకు పోకపోతే మాకు ఇంట్లో శాంతి లేదు. మెకానిక్ దాన్ని విప్పి, ఇదే రకం పాతది ఒకటి తెచ్చుకోమన్నాడు. విరిగిన ఇనుము ఇంట్లో ఉండకూడదని అమ్మ పోరుపెడితే, విప్పినదాన్ని వీధిలో పోయే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

తిరుపతిలో ఒకటి దొరికింది. వెండిరంగు పూసుకుని, పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా మెరిసిపోతోంది. సంబరంగా వ్యానులో వేసుకొచ్చాను. అమ్మ దాన్ని వాకిట్లోనే ఆపేసింది.

"ఇది ఏ బండిదిరా? ఆ బండిలో ఎవురన్నా సచ్చిపోయింటే? అది తెలిసేదాకా మీ నాయన కారుకు బిగించేది లేదు."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. దీని పుట్టిల్లు కనుక్కోకపోతే మీసం తీసేస్తానన్నాను. అప్పటికి ఉన్నదే నాలుగు వెంట్రుకలు, అది వేరే సంగతి.

మళ్లీ తిరుపతి వెళ్లాను. అమ్మినవాడు మొదట బెంగళూరు సరుకన్నాడు. అంగడి ముందు నుంచి నేను కదలకపోయేసరికి విసుగెత్తి, చిత్తూరులో కొన్నానని ఒప్పుకున్నాడు. చిత్తూరు అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నీకు కావల్సింది గేర్‌బాక్సా, పెండ్లి సంబంధమా అప్పా?"

ఏదనుకున్నా సరే, ఊరు చెప్పమన్నాను.

"బంగారుపాళ్యం పక్కనుంచి వచ్చినాది. ఎవురో మామిడితోటలోళ్ల బండిదంట. కడిగి రంగేసినాను, అంతే."

బుర్ర ఉన్నవాడైతే అక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించేవాడు. నేను మాత్రం మనవైపు సరుకేనని పొంగిపోతూ బస్సెక్కాను.

ఇంటికొస్తే అమ్మ ఏ ఇంటివాళ్లదని అడిగింది. పేరో గుర్తో దొరక్కపోతుందా అని గరుకు కాగితం తీసుకుని ఆ వెండిరంగు గీకడం మొదలుపెట్టాను. వేళ్లు బొబ్బలెక్కాయి, అయినా వదల్లేదు. చివరికి అడుగుభాగంలో ఎర్రగా, గుండ్రంగా ఒక బొట్టు బయటపడింది.

"సూడుమా. గేర్‌బాక్సు కడుపుక్కూడా బొట్టు పెట్టినారంటే ఎంత భక్తి గలోళ్లో. అట్లాంటోళ్ల బండిలో సావు జరుగుతాదా?" అని, ఆ మహాభక్తుడి గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. బిగించడానికి వచ్చిన మెకానిక్ కూడా నిజమేనన్నట్టు తలూపాడు.

నాయన కుర్చీలోంచి వంగి చూశాడు.

"పోయినేడు ఆయుధపూజకు, కుంకమైతే చెరిగిపోతాదని ఎర్రపెయింటు డబ్బా పట్టుకోని కారు కిందికి దూరింది ఎవుర్రా?"

మెకానిక్ తువ్వాలుతో నోరు మూసుకుని గోడవైపు తిరిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ ఒక్కతే తృప్తిగా నిట్టూర్చింది.

"అయితే బిగించుకోండి. ఆ బండిలో ఎవురూ సావలేదు గదా."

డబ్బు పోసి కొనుక్కొచ్చింది చెడిపోయిన మా గేర్‌బాక్సే కాబట్టి, ఆ కోతలకాలమంతా నాయన నా స్కూటరు వెనక కూర్చుని, గుంత తగిలినప్పుడల్లా ఆ మహాభక్తుడిని స్మరిస్తూ తోటకు వచ్చాడు. ఏడుకొండలవాడి సాక్షిగా చెబుతున్నాను, ఇక ఏ యంత్రానికీ పుట్టిల్లు వెతకను. బొట్టు మాత్రం మానను. కాకపోతే పైన పెడతాను, కొనేటప్పుడే కనబడేలా.