మోగే చెప్పులతో లేపాక్షికి

ఈ ప్రయాణం నేను పుణ్యం కోసం చేయలేదు, కుడిపాదం కోసం చేశాను. ఎడమకాలి చిటికెనవేలు ఇదివరకే డాక్టర్ల పాలైంది. షుగరు పుణ్యమా అని నా అరికాళ్లకు స్పర్శ పోయింది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా నాకు తెలియదు. విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్‌కి సొంత కాళ్ల కబురే అందకపోవడం దేవుడి ఎకసెక్కం కాక మరేమిటి? "ఇంకో పుండు పడితే ఈసారి వేలితో పోదు, పాదమే తీయాలి" అని డాక్టరు వాచీ చూసుకుంటూ చెప్పాడు.

అప్పుడే బెంగళూరు ల్యాబువాళ్లు నాకొక జత చెప్పులిచ్చారు. పుండు పడబోయే చోట పాదం ముందుగా వేడెక్కుతుందట. ఆ వేడిని పసిగట్టి చెప్పు కుయ్యి కుయ్యిమని మోగుతుందట. ఆలోచన గొప్పదే. కాకపోతే ఏసీ గదిలో పుట్టిన బిడ్డ కదా, మా ఏప్రిల్ ఎండకు బెదిరిపోయింది. ఇంటి నుంచి టీ కొట్టుకు పోయేలోపు అది పెట్టే గోలకు వీధికుక్కలు బదులు పలికేవి. ఇంటికొస్తే మాత్రం నిశ్శబ్దం, ఎందుకంటే చెప్పులు బయట మెట్టు మీదే ఉంటాయి. మా రత్నమ్మ పసుపు రాసిన గడప చెప్పు కాలితో దాటడానికి కలెక్టరుకైనా అనుమతి లేదు, పెళ్లాడినవాడి సంగతి చెప్పాలా!

ల్యాబు, అనంతపురం ఆస్పత్రి, రోగులు అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని సదస్సు పెట్టారు. లేపాక్షిలో. అటు బెంగళూరుకు, ఇటు అనంతపురానికి అది మధ్యలో ఉందని కారణం చెప్పారు. బెంగళూరువాళ్లు అక్కడి గుడిలో వేలాడే స్తంభం చూడలేదన్నది అసలు కారణం.

ఉదయం ఐదుంబావుకు గుంతకల్లు బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి రత్నమ్మది సున్నా టికెట్టు, నాది దుడ్లిచ్చి కొన్నది. కాళ్లు చచ్చినవాడికి ఛార్జీ, గట్టికాళ్లున్న ఆవిడకు ఫ్రీ! ముందు సీట్లో, ఇంజను పక్కన కూర్చున్నాం. వేడి తగలగానే చెప్పులు కచేరీ మొదలుపెట్టాయి.

"ఏమప్పా, నీ ఫోను మోగుతాండాది, ఎత్తు" అన్నాడు వెనక సీటాయన.

"ఫోను కాదన్నా, చెప్పులు."

"చెప్పులకు సిమ్ము గూడా ఏస్తాండారా ఇప్పుడు?"

బస్సంతా నవ్వింది. రత్నమ్మ తల తిప్పుకుని కిటికీలోంచి చూడసాగింది.

గుంతకల్లులో ఇడ్లీ తిని, ఆరున్నర రైలెక్కితే పదిన్నరకు హిందూపురం. రైలు దిగినవాళ్లు ఆటోలో బస్టాండుకు పోవాలి, అక్కడ లేపాక్షి బస్సులు తరచుగానే దొరుకుతాయి, అరగంట ప్రయాణం. మజ్జిగ హిందూపురంలోనే తాగండి, లేపాక్షిలో సీసా నీళ్లే గతి.

సదస్సు హాలు గుమ్మంలో పెద్ద బ్యానరు: 'ప్రయోగశాల నుంచి రోగి పడక దాకా'. రోగినైన నన్ను పడక మీద కాదు, వెనకవరసలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టారు. పెద్ద ప్రొఫెసరుగారు 'సహకారం' అన్న మాటను మా ఊరి పూజారి 'గోవిందా' అన్నట్టు పలికారు. ఆస్పత్రి పెద్దాయన ఆయనకు శాలువా కప్పారు, ఆయన తిరిగి ఈయనకు కప్పారు. సహకారం అంటే అదే కాబోలు అనుకున్నాను. చివర్లో రోగి ప్రతినిధిగా నాకు మైకిచ్చారు.

"అయ్యా, ఈ చెప్పులు ఎండకు మోగుతాండాయి, ఇంజనుకు మోగుతాండాయి. పుండొస్తే మోగుతాయో లేదో నాకు తెల్దు" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. "చాలా విలువైన సమాచారం" అన్నారు ప్రొఫెసరుగారు, భోజనాల వైపు చూస్తూ.

ఒక్క పిల్ల మాత్రం చప్పట్లు కొట్టలేదు. పేరు కీర్తి, ఆ చెప్పులు తయారుచేసిన ఇంజనీరు. నా దగ్గరికొచ్చి పక్కనే కూర్చుంది.

"ఎండ రెండు పాదాలనూ కాలుస్తుంది కదా అంకుల్. ఒక పాదం రెండోదానికంటే వేడెక్కితేనే మోగేలా మారిస్తే సరిపోతుంది."

"మొదటే ఎందుకు చేయలేదమ్మా?"

"మా ల్యాబులో ఎండ లేదు అంకుల్" అంది, సిగ్గుపడుతూ. "మీరు గుడికి వెళ్లండి. అక్కడ ఎలాగూ చెప్పులు విడవాలి. ఈలోపు నేను సరిచేస్తాను."

ఒంటిగంటకు అందరినీ వ్యానులో గుడికి తీసుకుపోయారు. రత్నమ్మ "మేజోళ్లు తొడుక్కోప్పా" అంది. అవి హాల్లో సంచిలో ఉండిపోయాయి. "ఐదు నిమిషాలేనండీ" అన్నారు ప్రొఫెసరుగారు. రత్నమ్మ అర్చన చీటీ కోసం నీడలో ఆగింది, నేను వాళ్ల వెంట రాతి ప్రాంగణంలో అడుగుపెట్టాను.

అబ్బబ్బ, ఏం దృశ్యమది! పాదాల వ్యాధుల్లో దేశదేశాలు తిరిగిన పండితులు పెనం మీద పడ్డ పేలాల్లా ఎగిరారు. "హా, హూ" అంటూ నీడకు పరుగెత్తారు. నేనొక్కణ్ణే రాజుగారిలా నింపాదిగా నడిచాను. వేలు లేని ఎడమకాలి మీద నిలవలేను కాబట్టి బరువంతా కుడికాలి మీద వేసి, నడి ఎండలో నిలబడి శిఖరం చూశాను.

"చూశారా, భక్తి అంటే అదీ!" అన్నారు ప్రొఫెసరుగారు నీడలోంచి.

మెచ్చుకుంటే ఎవరికి చేదు? ఇంకాసేపు నిలబడ్డాను. తర్వాత వాళ్లు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇవతలికి లాగి ఫొటోలు దిగారు. పైకప్పును మోస్తున్నట్టే ఉంటుంది, నేలకు మాత్రం ఆనదు. పొద్దున విన్న ఉపన్యాసాలు గుర్తొచ్చాయి.

భోజనంలో పులిహోర బాగుంది. కీర్తి చెప్పులు తెచ్చి స్వయంగా తొడిగింది. బయట ఎండలో నడిచి చూశాను, కిక్కురుమనలేదు. సాయంత్రం ఐదు గంటల రైలుకు హిందూపురం చేరుకున్నాం. పెనుకొండ దాటాక ఎండ తగ్గింది, కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. అప్పుడు మోగింది కుడిచెప్పు.

ఎదుటి సీట్లో పెనుకొండలో ఎక్కిన చెనక్కాయల రైతు ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నా అది, నిద్ర పట్టనీకుండా?"

"దాని రోగమే అంతన్నా. దాన్ని బాగుచేసినామన్నారు గానీ..." అంటూ మోత ఆపే మీట నొక్కబోయాను.

రత్నమ్మ నా చేయి పట్టుకుంది. "ఆగప్పా. ఎండలో మోగనిది చల్లగాలికి ఎందుకు మోగుతాండాది? కాలెత్తు."

ఎత్తాను. కుడి అరికాలి ముందుభాగంలో నిమ్మకాయంత బొబ్బ, చుట్టూ ఎర్రగా కమిలిన చర్మం. ఎడమకాలు కాస్త కందింది, అంతే. నా వెటకారమంతా ఎటో పోయింది. పాదం లేకుండా గడపలో కూర్చున్న నన్ను నేనే చూసుకున్నట్టయింది.

రత్నమ్మే కీర్తికి ఫోను చేసింది. "బొబ్బ చిదపొద్దు. వట్టి కాలితో ఒక్క అడుగు కూడా వేయనీయకండి. అనంతపురంలో దిగండి, డ్యూటీ డాక్టరుకు నేను చెబుతాను" అంది కీర్తి. శాలువా లేదు, మైకు లేదు. పొద్దున్నుంచి విన్న సహకారాన్ని మొదటిసారి చూశాను.

ఏడున్నరకు ఆస్పత్రి చేరుకున్నాం. పాదాల వార్డు గుమ్మం మీద బోర్డు: 'పాదరక్షలు బయట విడువవలెను'. సదస్సులో శాలువా మార్చుకున్న ఆస్పత్రే మరి!

"అన్నా, చెప్పులు ఈడ ఇడ్సి లోపలికి రా" అంది నర్సమ్మ.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. నేను వంగబోతుంటే రత్నమ్మ అడ్డం నిలబడింది. "అవి చెప్పులు కాదమ్మా, మందు. మందు బయట పెట్టి రోగిని లోపలికి రమ్మంటావా?"

"రూలుండాదక్కా."

"మీ డాక్టరు బూట్లేసుకుని తిరుగుతాండాడే, ఆయప్పకు లేదా రూలు?"

నర్సమ్మ వెనక్కి తిరిగి డాక్టరు బూట్ల వైపు చూసింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి, వంగి నా చెప్పుల అడుగులు తుడిచింది. "రాన్నా" అంది.

డాక్టరు కట్టు కట్టాడు. "వెంటనే వచ్చారు కాబట్టి పాదం నిలిచింది. రేపొద్దున అయ్యుంటే ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు. "ఇకమీద ఇంట్లో కూడా వట్టి కాలు నేల మీద పెట్టొద్దు."

రత్నమ్మ నా చెప్పులను కాళ్లకు అందేలా మంచం దగ్గరికి జరిపింది.

ఆ రాత్రి వార్డులోనే ఉంచి, మర్నాడు మందులిచ్చి పంపారు. గుంతకల్లు రైలు, విడపనకల్లు బస్సు. లేపాక్షికి తప్పక వెళ్లండి, శిల్పం చూడదగ్గది, మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి. ఇక వైద్యం సంగతంటారా, బెంగళూరు నుంచి మా ఊరి దాకా అది బాగానే వచ్చింది. ఉత్తరమైనా అంతే, ఊరికి చేరడం కష్టం కాదు, ఇంటికి అందడమే కష్టం.

మధ్యాహ్నానికి ఇంటి ముందు ఆటో దిగాం. అలవాటు ప్రకారం మెట్టు మీద ఆగి, చెప్పులు విడవబోయాను. గడపకు పసుపు మెరుస్తోంది.

"ఇడవద్దు" అంది రత్నమ్మ.

తొట్టిలోంచి నీళ్లు ముంచుకొచ్చి, కొంగు తడిపి, నా ముందు కూర్చుని రెండు చెప్పుల అడుగులూ తుడిచింది. లేచి నా మోచేయి పట్టుకుంది. గడప వైపు చూడకుండా, "కుడికాలు ముందు పెట్టు" అంది.