రెండున్నర గంటల దూరం

పులివెందులకు కువైట్‌ను దగ్గర చేసిన ఘనత వెంకటేష్‌ది. తాలూకా ఆఫీసులో గుమాస్తా. లెక్కల్లో తనంతటివాడు లేడని గట్టి నమ్మకం. భర్త పోయి అక్క మంజుశ్రీ పుట్టింటికి చేరినప్పటి నుంచి అతనికి ఇల్లు ఇరుకైపోయింది. కువైట్‌లో ఒక తెలుగు ఇంజనీరు ఇంట్లో మడిగా వంట చేసే మనిషి కావాలని తెలిసిందో లేదో, ప్రొద్దుటూరు పోయి టికెట్టు పట్టుకొచ్చేశాడు.

"చూడుమా," అన్నాడు తల్లి రాజేశ్వరమ్మకు టికెట్టు మీద వేలు పెట్టి చూపిస్తూ. "బెంగుళూరులో ఎక్కేది ఆరుకు, ఆడ దిగేది ఎనిమిదిన్నరకు. రెండున్నర గంటలంతే. ఈడ జమ్మలమడుగు బస్సుకు కాచుకునేంత సేపు."

రాజేశ్వరమ్మ ఏడుపు ఆపేసి కళ్లు తుడుచుకుంది.

కువైట్‌లో దిగాక గోడ గడియారం ఎనిమిదిన్నర అంటే, మంజుశ్రీ చేతి గడియారం పదకొండు అంది. పక్కసీటాయన నవ్వి విడమర్చి చెప్పాడు. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదట, ఇక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకట. అంటే తను గాలిలో ఉన్నది ఐదు గంటలు! అమ్మకు చెబుదామని ఫోన్ చేస్తే ఆవిడే ముందందుకుంది: "ఎదురింటి లలితమ్మకు చెప్పినా మే, నా బిడ్డ యాడికో పోలేదు, పొద్దున పిలిస్తే దీపాలు పెట్టేలోగా వచ్చేస్తాదని." ఆ గొంతులో ధైర్యం విని మంజుశ్రీ నోరు మూసుకుంది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఆ మాట ఎత్తలేదు.

ఒక తెల్లవారుజామున రాజేశ్వరమ్మ పోయింది. కబురు విన్న మంజుశ్రీ ఎలాగో టికెట్టు తీయించుకుని, విమానం పదికి అని తమ్ముడికి చెప్పింది. అది అక్కడి పది అని చెప్పే తెలివి ఆ ఏడుపులో ఎక్కడిది? వెంకటేష్ లెక్క కట్టాడు: పన్నెండున్నరకు బెంగుళూరు, కారెక్కితే పొద్దుగుంకేలోగా ఇల్లు. ఇక్కడ పన్నెండున్నర అయ్యేసరికి ఆమె అక్కడ ఇంకా విమానం ఎక్కుతోంది.

ఫోను ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. "దిగి ఫోనన్నా ఎత్తని మనిషికోసం ఎంతసేపు పెట్టుకుంటాం?" అన్నాడు వెంకటేష్. ఐసు పెట్టె దొరకని ఊరు కాదు, ఒక్క రాత్రి ఆపితే సరిపోయేది. పొద్దుండగానే ఎత్తేశారు. మంజుశ్రీ వచ్చేసరికి ఇల్లు కడిగేసి, తల్లిని పడుకోబెట్టిన చోట దీపం పెట్టి ఉంది.

ఇక ఊరు ఊరుకుంటుందా? రెండున్నర గంటల దూరంలో ఉండి కన్నతల్లి ఆఖరి చూపుకు రాలేదంట, కువైట్ దుడ్ల రుచి మరిగిందంట! పదోనాటికి మంజుశ్రీకి ఓపిక చచ్చిపోయింది. పదిమందిలో నిలబడి అరిచింది: "ఐదు గంటలప్పా! ఆడ గడియారం వేరే, ఈడ గడియారం వేరే!"

"ఐతే ఇన్నేండ్లూ యాల చెప్పలేదు?" అన్నాడు వెంకటేష్, తప్పు ఆమెదేనని తేలిపోయినట్టు.

లలితమ్మ మెల్లగా దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాలుగు దినాలు శానా అవస్థ పడింది మంజూ మీయమ్మ. నీకు ఫోన్ చేస్తామంటే చేయనియ్యలేదు. ఇప్పుడే ఎందుకు దాని పని చెడగొట్టేది, మరీ బాగలేకపోతే ఆ పొద్దు పిలిస్తే చాలు, దీపాలు పెట్టేలోగా వచ్చేస్తాది గదా, అనింది."