చెవి చెప్పిన వేగం

చెవి మావయ్యంటే పేటలో అందరికీ తెలిసిన మెకానిక్. ఇంజను చప్పుడు విని వేగం చెప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే సొంత పాత కారులో స్పీడోమీటరు ఏనాడో చచ్చినా పట్టించుకోలేదు. పాలవ్యాను దాటిపోతే మాత్రం, “ఎంత దూకుడురా నీకు!” అని శాపనార్థాలు పెట్టేవాడు.

భార్య పోరు పడలేక ఒకరోజు మీటరుకు కొత్త కేబులు వేసి రోడ్డెక్కాడు. చెవి అరవై అంటోంది, ముల్లు నలభై దాటదు. మీటరే మార్చాడు. అదీ నలభయ్యే. మావయ్యకు బుర్ర తిరిగిపోయింది. భార్యను స్కూటరు మీద పక్కనే రమ్మని, మళ్లీ నడిపి ఆపాడు.

“నీ మీటరెంత చూపించిందే?”

“నలభై.”

“అయితే నీదీ పాడైందన్నమాట!”

ఆమె నెత్తి కొట్టుకుంది. “ముందు మీ సైలెన్సరు చూసుకోండి. ఎన్నాళ్ల కన్నమో, పక్కన వస్తుంటే చెవులు చిల్లులు పడ్డాయి.”

మావయ్య వంగి చూశాడు. కన్నంలో రెండు వేళ్లు దూరాయి, చుట్టూ ఏళ్లనాటి తుప్పు. అలాగే నేల మీద కూలబడ్డాడు.

“అయితే ఆ పాలవ్యానువాడు... మామూలుగానే పోయేవాడంటావా?”