మూడోసారి తిప్పిన చంద్రపటం

మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో నేను గెలిచిన వాదనలు లెక్కలేనన్ని. తప్పు చేసి గెలిచింది మాత్రం ఒక్కటే.

చదివింది కంప్యూటర్లు. ఒక పేపరు మన ఇష్టానికి వదిలేస్తే ఖగోళశాస్త్రం తీసుకున్నాను. రెండో వారంలోనే ట్యూటర్‌తో తగువు. ఆయన స్లయిడ్ మీద ఒకే వాక్యం: అరబ్బులు గ్రీకు పుస్తకాలను భద్రపరిచారు. అన్ని వందల ఏళ్ల పనికీ అంతే! ఒళ్లు మండింది.

"భద్రపరచడానికి వాళ్లేమైనా బీరువాలా?" అన్నాను.

యూఫ్రటీస్ ఒడ్డున నలభయ్యేళ్లు ఆకాశాన్ని కొలిచిన ఒక అరబ్బు పెద్దాయన గురించి చెప్పాను. ఏడాది పొడవును రెండు మూడు నిమిషాల తేడాతో పట్టుకున్నవాడు. తాను గురువుగా భావించిన గ్రీకు పండితుడి లెక్కల్నే దిద్దినవాడు. చంద్రుడి మీద ఒక పెద్ద గుంటకు ఆయన పేరు పెట్టారు, అదీ ఆ గ్రీకు గురువు పేరున్న గుంట పక్కనే.

ట్యూటర్ నవ్వాడు. "శుక్రవారం సాయంత్రం టెలిస్కోప్‌లో చూడ్డానికి ఊళ్లోవాళ్లు వస్తారు. నువ్వే చూపించు. ఆ క్రేటర్ చూపించి వాళ్లను ఒప్పిస్తే నా స్లయిడ్ మారుస్తాను."

ఇక నేనాగుతానా? చంద్రుడి పటం సంపాదించాను. ఈ దేశంలో దిగిన మొదటి వారమే గమనించాను, ఇక్కడి చందమామలో కుందేలు తలకిందులుగా ఉంటుంది. కాబట్టి పటాన్నీ తలకిందులుగా అట్టకు అంటించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఊరి శివారు క్రాన్‌బర్న్‌లో నాకు గది అద్దెకిచ్చిన ఆంటీ తెనాలి వైపు మనిషి, వృద్ధాశ్రమంలో పని. "నేనూ వస్తానే. ఆదివారం చర్చిలో చెప్పుకోవద్దూ?" అని బయల్దేరింది.

చలికాలం, అయిదున్నరకే మసక పడింది. సగం దాటిన చంద్రుడు నడినెత్తికి వస్తున్నాడు. పటం చూసుకుని టెలిస్కోప్ గురి పెట్టి, ఉపన్యాసం అందుకున్నాను. "గుంట నడుమ చిన్న కొండ ఉంటుంది, చూడండి." ఒక్కొక్కరూ కన్ను పెట్టి, లవ్లీ అనేసి, టీ బల్ల దగ్గరికి పోతున్నారు. నా వెనకే ట్యూటర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆంటీ కన్ను పెట్టింది. కదల్లేదు.

"కొండేదే? దోసె పెనంలా చదునుగా ఉంది."

"సరిగ్గా చూడండి ఆంటీ."

"నా కళ్లకు ఆపరేషనై నెల కాలేదు, క్లియర్‌గా కనిపిస్తోంది. నీ అరబ్బాయన కొండని ఎవడైనా ఎత్తుకుపోయాడేమో కనుక్కో."

"ఏమంటున్నారు ఆవిడ?" అన్నాడు ట్యూటర్.

అక్కడ తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. చాలా బాగుందంటోంది అంటే సరిపోయేది, స్లయిడ్ మారిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నలభయ్యేళ్లు కొలిచిన మనిషి పేరు చెప్పి అబద్ధమాడి గెలిస్తే, ఆ గెలుపు ఎవరికి కావాలి?

"కొండ లేదంటున్నారు. నిజమే. నేను చూపించింది వేరే గుంట," అన్నాను. చెవులు వేడెక్కాయి.

అట్ట చేతిలోకి తీసుకుని ఆలోచించాను. ఇక్కడి చంద్రుడు తలకిందులు. అది అద్దాల టెలిస్కోప్, బొమ్మను మళ్లీ తిప్పేస్తుంది. రెండు తిప్పుళ్లతో చంద్రుడు తిన్నగా నిలబడ్డాడు, పటం ఉన్నదున్నట్టే సరిపోయేది. అతితెలివికి పోయి మూడోసారి తిప్పింది నేను!

అట్ట తిప్పి పట్టుకుని వెతికాను. గరుకు నేల మీద రెండు పెద్ద గుంటలు, పక్కపక్కనే. అందులో ఒకదాని నడుమ చిన్న కొండ, దాని నీడ.

టీ బల్ల దగ్గరివాళ్లను కేకేసి పిలిచాను. "మళ్లీ రండి, ఇందాక మీకు చూపించింది తప్పు." కప్పులు పట్టుకునే వచ్చారు. ఈసారి ఎవరూ లవ్లీ అని ఊరుకోలేదు, ఆ గ్రీకాయన, అరబ్బాయన ఇద్దరిలో ఎవరు ఎవరిని దిద్దారని అడిగారు.

"ఇదిగో, ఇప్పుడుంది కొండ," అంది ఆంటీ. "ఇడ్లీ గుంటలో బియ్యపు గింజలాగా." ట్యూటర్ అందరికన్నా ఎక్కువసేపు చూశాడు.

సోమవారం క్లాసులో స్లయిడ్ మారింది: అరబ్బులు గ్రీకు పుస్తకాలను భద్రపరిచి, దిద్దారు.

చెయ్యెత్తాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

"ఇంకా ఏంటి?" అన్నాడు.

"కొలవకుండా ఎలా దిద్దుతారు?"

కంప్యూటర్ మీదికి వంగి, అందరి ముందే టైపు చేశాడు: భద్రపరిచి, కొలిచి, దిద్దారు.

ఆ మధ్య మాట నాది.