మాటల్లేని ఇద్దరు మామ్మలు

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల్లో, కొలవలేనిదంటూ ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. ఎమ్మే చదువుతున్నానుగా! (చదువు తలకెక్కడం తేలికే, దిగడానికే టైము పడుతుంది.) ముసలివాళ్ళు ఒకరితో ఒకరు ఎంత కలివిడిగా ఉంటారో కొలిచి రమ్మని మా లెక్చరర్ గారు నన్ను పటమటలో మిషను వాళ్ళు నడిపే వృద్ధాశ్రమానికి పంపారు. రోజూ మాట్లాడే మనుషులుంటే మార్కులు, లేకపోతే సున్నా. నేనొక ప్రశ్న అడిగితే వాళ్ళు నాలుగు అడిగేవారు. మొదటిది ఎప్పుడూ "పెళ్ళయిందా అమ్మాయ్?" అనే.

అక్కడ పక్కపక్క మంచాల మీద ఇద్దరుండేవారు. ఒకావిడ కొల్లేటి చేపలమ్మి బతికిన కైకలూరు మామ్మ. రెండో ఆవిడ మిషను స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఒకసారి ఆశ్రమం వంటింట్లో మామ్మ చేపల పులుసు పెడితే, టీచరమ్మ నలుగురిలో "ఉప్పెక్కువైంది" అనేసిందట. అంతే, మాటలు బంద్. "పుట్టి బుద్ధెరిగాక నా పులుసుకి వంక పెట్టినోళ్ళు లేరమ్మాయ్. ఆవిడతో నాకు మాటలేంటి? ఇక్కడ ఇంకెవరితోనూ లేవు" అంది మామ్మ. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, "నేనూ ఎవరితోనూ మాట్లాడనని రాసుకో అమ్మా" అంది. రాసుకున్నాను. ఇద్దరికీ సున్నా.

నేనక్కడుండగానే మబ్బు పట్టింది. మామ్మ గుమ్మంలో పడుకున్న పిల్లిని చూసి, "ఏమే పిల్లీ, వానొచ్చేట్టుంది, తీగ మీద చీర ఆరేసినోళ్ళకి చెప్పవే" అంది. "తెలుసని చెప్పవే పిల్లీ" అంటూ టీచరమ్మ లేచి వెళ్ళి, తన చీరతో పాటు మామ్మ చీర కూడా తెచ్చి మడతపెట్టింది. నా కాయితంలో పిల్లికి గడి లేదు కాబట్టి వదిలేశాను.

ఆ సున్నాలు ఆశ్రమాన్ని చూసుకునే మేట్రన్ గారికి బాగా నచ్చాయి. ఇక్కడ కొత్తవాళ్ళకి చోటు లేదు, మైలవరం శాఖలో ఒక మంచం ఖాళీగా ఉంది. "ఎవరితోనూ సంబంధం లేని మనిషైతే కదిపినా బాధుండదు కదండీ" అని మామ్మను అక్కడికి పంపడానికి నిర్ణయించేశారు. నా చదువు లోకానికి పనికొచ్చిందని పొంగిపోయి, ఆ ప్రయాణం చూడ్డానికి నేనూ వెళ్ళాను.

గేటు దగ్గర రిక్షా, అందులో ట్రంకుపెట్టె, దాని మీద చెయ్యేసుకుని మామ్మ. టీచరమ్మ బయటికొచ్చి, గోడ పక్కన కూర్చున్న పిల్లితో, "పిల్లీ, ఆవిడకి మైలవరంలో మంచి చేపలెక్కడ దొరుకుతాయో అడగవే" అంది. మామ్మ ముఖం తిప్పుకుని, "రాత్రిళ్ళు కాళ్ళు పీకితే పట్టేవాళ్ళెవరో ముందు ఆవిణ్ణి చూసుకోమను" అంది. నేను తెల్లబోయాను. "ఆవిడ కాళ్ళు పట్టేది మీరా మామ్మా? మాటల్లేవన్నారుగా?"

"కాళ్ళు పట్టడానికి మాటలెందుకే పిచ్చిదానా!"

అంతలో రిక్షా అతను బెల్లు కొట్టాడు. పిల్లి బెదిరి గోడ దూకి పోయింది. ఇక మాట అందించేవాళ్ళు లేరు. టీచరమ్మ గోడ వైపు చూసింది, నా వైపు చూసింది. చివరికి రిక్షా చక్రం గట్టిగా పట్టుకుని, ఒకప్పుడు క్లాసును అదిలించిన గొంతుతో, "దిగు" అంది.

"మరి పులుసో?" అంది మామ్మ కదలకుండా.

"ఉప్పు సరిపోయింది. దిగవే." (అబద్ధమాడకూడదని ఏళ్ళ తరబడి పిల్లలకి నేర్పిన మనిషి!) మామ్మ దిగింది. మేట్రన్ గారు కళ్ళు తుడుచుకుంటూ రిక్షా పంపించేశారు. పంతాన్నీ ప్రేమనీ అంత శ్రద్ధగా, రెండింటికీ లోటు రాకుండా చూసుకున్నవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. వాళ్ళంటే నాకిప్పటికీ గౌరవమే.

తిరిగొచ్చే సిటీ బస్సులో నాకు నేనే మార్కులు వేసుకున్నాను. రోజూ మాట్లాడే మనుషులు కాలేజీ నిండా ఉన్నారు, కాబట్టి పూర్తి మార్కులు. కానీ నేను వెళ్ళిపోతుంటే చక్రం పట్టుకుని ఆపే మనిషెవరా అని ఆలోచిస్తే, బస్టాండు వచ్చినా ఒక్క పేరూ తట్టలేదు. కాయితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని అంత గంభీరంగా కూర్చున్న ఆ ఎమ్మే పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వెళ్ళి కాసేపు ఆ పిల్ల పక్కన కూర్చుంటే బావుండుననీ అనిపిస్తుంది.