పద్మక్క రెండో ప్రశ్న

"అన్నం తిన్నవా దశరథం?"

"తిన్న అక్కా."

"నిజంగ తిన్నవా?"

"అబ్బ! చాయ్‌ల రెండు బిస్కెట్లు తిన్న."

"గది అన్నమా? పో, తినిరా. ఖాళీ కడుపుతోని నెత్తురిస్తె కండ్లు తిరిగి పడ్తవ్. నిన్నెవలు మోస్తరు, నేనా?"

సూరత్‌లో ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా పనిచేసే పద్మారాణికి మొదటి జవాబు అసలు జవాబే కాదు. ఎవరు ఏం చెప్పినా రెండోసారి అడిగితే తప్ప ఆమె ప్రాణం కుదుటపడదు. ఒకచోట కూర్చోదు, నిలబడదు. బస్సెక్కేముందు "కడోదరా పోతుందా?" అని అడుగుతుంది, టికెట్టు తెగాక "నిజంగా పోతుందా?" అంటుంది. ఓ కండక్టరు విసిగిపోయి, ఊరి పేరున్న బోర్డు పీకి దారంతా ఆమె ఎదుటే పట్టుకు నిలబడ్డాడట!

భర్త రఘుపతి తెలివైనవాడు. "గ్యాస్ బంద్ చేసిన, నిజంగనే చేసిన" అని రెండు జవాబులూ ఒకేసారి అప్పజెప్పేవాడు. ఆమె వెళ్ళి పొయ్యి చూసొచ్చేది.

కరోనా కాలంలో రక్తదాన శిబిరాలు ఆగిపోయి, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లు ఖాళీ అయ్యాయి. దాంతో పద్మక్క కడోదరాలోని ఓ మగ్గాల కార్ఖానా వాకిట్లోనే బల్లలు వేయించింది. తెలంగాణ నుంచి వలస వచ్చి అక్కడ మగ్గాలు నడిపే దశరథమూ, అతనితో ఒకే గదిలో ఉండేవాళ్ళూ పని దిగి వచ్చి చేతులు చాచారు.

"మా నెత్తురుకు గుడ రెండు పరీక్షలేందక్కా?" అన్నాడు వాళ్ళలోని బక్కయ్య, ఆమె పరీక్షల సంగతి చెప్పగానే.

"కార్జాన్ని ఖరాబ్ చేసే హెపటైటిస్ సి అని ఒక రోగమున్నది. కొత్తగ సొచ్చిందనుకో, ఒంటికింక ఎరుకనే ఉండదు. మొదటి పరీక్ష ఒంటినడుగుతది. 'నాకేం లేదు' అంటది ఒళ్ళు. రెండోది సక్కగ పోయి వైరస్‌నే దేవులాడుతది."

"అంటె నీ అసొంటి మిషనే!"

అందరూ మాస్కుల చాటున నవ్వారు.

వారం తిరక్కముందే ఆమె మళ్ళీ వచ్చింది. "అందరు రావాలె. ఎవల నెత్తుర్ల ఎంత బలమున్నదో ఇంకోపారి చూస్త."

కార్ఖానా గొల్లుమంది. "పద్మక్కకు మల్ల అనుమానమొచ్చిందిరా!"

దశరథం వంతు వచ్చింది. కార్ఖానా ఆఫీసు గదిలో పద్మక్క తలుపు మూసి, కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోవడం చూసే అతనికి ఏదో కీడు తోచింది.

"నీకు రెండో పరీక్షల హెపటైటిస్ సి అని వచ్చింది తమ్మీ. షురూలనే దొరికింది. ఇంకోపారి చూసి ఖాయం చేసుకుందాం. దవాఖానకు నేనే తోలుకపోత. గోలీలతోని పోతది."

దశరథానికి రోగం కన్నా ముందు అందరూ కలిసి ఉండే గది గుర్తొచ్చింది. నిరుడు ఆ గదిలోనే ఉన్న మార్కండేయ దగ్గితే కరోనా అనుకున్నారు; అది నూలు దుమ్ము దగ్గని తేలేలోపే అతని పెట్టె మెట్ల మీద పడింది.

"మావోళ్ళకెరుకైతె నా పెట్టె గుడ బయటేస్తరక్కా!"

"కలిసి తింటె అంటది గాదు. నీ గడ్డం బ్లేడు ఎవలకియ్యకు, గంతే. నిన్నొక్కన్ని పిలుస్తె అందరికెరుకైతుండె. అందుకే అందర్ని పిలిచిన."

దశరథం కిటికీలోంచి చూశాడు. అతని గదివాళ్ళు బయట వరసలో నిలబడి పద్మక్కను తిట్టుకుంటున్నారు. ఒక్కడికీ రవ్వంత అనుమానం లేదు. పద్మక్క ఏదైనా రెండుసార్లు అడుగుతుందని ఎరగనిదెవరు?

"ఎవలకు చెప్పవు గదా అక్కా?"

"చెప్ప."

"నిజంగ చెప్పవా?"

రెండో పరీక్షకు అతని నెత్తురు తీసి, సూది పక్కన పెట్టింది పద్మక్క. మాస్కు పైన ఆమె కళ్ళు నవ్వాయి. "ఇగో, నా రోగం అంటింది నీకు! సూది అయిపోయింది గని పో. ఆ బక్కయ్య భయపడి గోదాం ఎన్క దాసుకున్నడు. జర తోలుకరా. తోలుకస్తవా?"

"తోలుకస్త అక్కా."

"నిజంగ?"